రెక్కల కష్టం

అక్షరానికి పన్నెండు యూరోలు.
చుక్కలకీ గీతలకీ డబ్బు అడగను.
ఆ పద్ధతి మా నాన్న లీబెరో పెట్టింది,
ధర మాత్రం నేను రెండుసార్లు పెంచాను.

గురువారం పోయాడు ఉబాల్దో తెంపెరీని.
శనివారం వాళ్ళబ్బాయి కొర్రాదో వచ్చాడు,
బూట్లకి నా కొట్టు పొడి అంటకుండా
గడప మీదే నిలబడి కాగితం చాచాడు.
"అంతా తన రెక్కల కష్టమే."
పేరు కింద, పెద్దక్షరాల్లో.
లెక్కపెట్టాను. ఇరవై అయిదు.
ఏడవాలో బేరమాడాలో తెలియని మొహంతో
"కానివ్వండి" అన్నాడు.

రాయి వాళ్ళదే, కర్రారా పైన మూడో గనిది.
ఒక్క నరమైనా లేని తెలుపు.
మా వాళ్ళెవరూ
అంత మంచి రాయి కింద పడుకోలేదు.

అబద్ధమని అనను.
నాలుగింటికే లేచేవాడు ఉబాల్దో. చూశాను.
చీకట్లో అతని జీపు దీపాలు
కొండ మలుపుల్లో పాకుతుంటే
అమ్మ కాఫీ పొయ్యి మీద పెట్టేది.
అదే గడియారం మాకు.
కానీ ఆ జీపు మా సందు దాటేసరికే
రొట్టెల ఒలింపియా రెండు వాయిలు దించేసి ఉండేది.
ఆమె లేచేది రెండింటికి.
ఒలింపియా పలక మీద పేరూ, రెండు తేదీలూ.
అంతవరకే సరిపోయింది డబ్బు.

కొండ ఎవరిదని చిన్నప్పుడు అడిగాను.
ఉబాల్దో మేనమామ రాయించుకున్నాడట,
తొంభై తొమ్మిదేళ్ళకి,
ఏడాదికి రెండు గాడిదల ఖరీదుకి.
దానికి ముందు?
ఉల్లిపాయ కోస్తూ నాన్న ఆగాడు.
"దానికి ముందు సముద్రానిది.
గవ్వలు చచ్చి చచ్చి రాయయ్యాయి.
వాటికెవరిచ్చారు కూలి?"
ఉల్లిపాయలోకి పంది కొవ్వు,
పాలరాతి తొట్టిలో ఆర్నెల్లు ఉప్పులో ఊరింది,
ఒక్కటే ముక్క, అటూ ఇటూ రొట్టె.
నాన్న ఎడమ చేతికి మూడు వేళ్ళే.
సబ్బు రాసిన దుంగల మీద బండ జారిన రోజు
మిగతా రెండూ కొండకే వదిలేశాడు.
ఆసుపత్రి ఖర్చు ఉబాల్దో పెట్టాడు. అదీ నిజమే.
అమ్మ చచ్చేదాకా ఆ మాట చెప్పుకుంది.
నాన్న చచ్చేదాకా చెప్పుకోలేదు.

ఇప్పుడు నా ముందు ఆ వాక్యం, పెన్సిలు గీతల్లో.
మొదటి మాట చెక్కాను. బాగా కుదిరింది.
'తన' దగ్గర ఉలి ఆగింది.
మా భాషలో మూడే అక్షరాలు.
అతని రెక్కలు, సరే. ఎన్ని?
ఎంతటి మనిషికైనా రెండే కదా.

ఆ మాట ఎత్తేద్దామా, ముప్పై ఆరు కలిసొస్తాయి
అని ఫోను చేద్దామనుకున్నాను.
ముప్పై ఆరు కోసం
ఎప్పుడు ఆగారు గనక వాళ్ళు.

కొట్లో ఎవరూ లేరు. రేడియో వాన వస్తుందంటోంది.
మిగతావన్నీ అయిదు మిల్లీమీటర్ల లోతు దింపాను.
ఆ మూడూ ఒకటిన్నర.
నల్లరంగు పూశాక అన్నీ ఒకటే.
కొర్రాదో వేలితో తడిమి కూడా చూశాడు,
చివరి మాట మీద.

ఇక్కడి వానలో సముద్రముంటుంది.
పాలరాయి కరుగుతుంది, చక్కెరలా కాదు,
పగలా, మెల్లగా.
ముందు పోయేవి పైపై గీతలే.
నలభై ఏళ్ళకో, యాభైకో,
పూలు పెట్టేవాళ్ళు రావడం మానేశాక
ఎవరో పిల్ల బళ్ళోంచి అడ్డదారిన పోతూ
కూడబలుక్కుని చదువుతుంది
అంతా        రెక్కల కష్టమే.
అవును కదా అనుకుని
సంచి ఆ భుజం మీంచి ఈ భుజానికి మార్చుకుంటుంది.

అంతా బాగానే ఉంది గాని
బిల్లులో ఇరవై అయిదూ వేశాను.
లోతు లేని ఆ మూడింటికీ
పూర్తి ధరే పుచ్చుకున్నాను.
ముప్పై ఆరూ సొరుగులో విడిగా ఉన్నాయి,
వారమైంది.
వాటితో రొట్టె కొనుక్కోవచ్చా అని
అడగడానికి నాన్న లేడు.