జిగురు పెట్టని ఇళ్లు

సోమవారం. మ్యూజియానికి సెలవు.
అద్దాల మూత నలుగురం పట్టి ఎత్తాం.
ఒకటికి ఐదువందల కొలతలో రాజమండ్రి,
మూడు బల్లల వెడల్పున.
ఏళ్ల తరబడి దుమ్ము
దానవాయిపేట మీదా ఇన్నీసుపేట మీదా
ఒకే మందాన పడి ఉంది.

మెత్తటి కుంచెతో ఊడుస్తుంటే
"మెయిన్ రోడ్డు ఇంత శుభ్రంగా ఎప్పుడూ చూళ్లేదు"
అన్నారు జుబేదా గారు.
ఆవిడ చేతిలో జాబితా:
తీసెయ్యాల్సినవి నలభై ఒకటి,
పెట్టాల్సినవి రెండొందల ఆరు.

పట్టకారుతో సినిమా హాలు పీకాను.
నేల టికెట్టులో ఒకసారి నా చెప్పు పోయింది అక్కడ.
ఇప్పుడు హాలు మొత్తం అరచేతిలో,
అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద.
చెప్పు దొరకలేదు.

పాత వంతెన మీద రైలు ఇంకా ఆగి ఉంది,
పొన్నాడ భద్రాచారి చెక్కిన ఏడు పెట్టెలు.
రైలు తియ్యాలి, వంతెన ఉంచాలి.
తీశాను.
వంతెనకి ఆ సంగతి కొత్త కాదు.

ఆర్యాపురంలో ఒక పెంకుటిల్లు కప్పు ఊడొచ్చింది.
లోపల, ఏ సందర్శకుడి కంటికీ అందనిచోట,
నువ్వుగింజంత మంచం.
ఎవరు పడుకోడానికి చేశాడో
అడుగుదామంటే భద్రాచారి లేడు.
జాబితాలో మంచం ఊసు లేదు.
కప్పు మళ్లీ అంటించేశాను.
జుబేదా గారికి చెప్పలేదు.

నదికి నీలం డబ్బా ఇచ్చారు.
శ్రావణంలో ఈ కిటికీలోంచి చూసినవాళ్లెవరూ
ఆ డబ్బా కొని ఉండరు.
చిటికెడు ఇటుకపొడి కలిపాను.

లంక దగ్గర చెయ్యి ఆగింది.
పటంలో అది చుక్కల గీత,
గీత లోపల ఖాళీ.

"మా పాకలేయి బాబూ?"
చీపురు చంకలో పెట్టుకుని వెనక నూకరత్నం.
పటంలో లేవన్నాను.
"ఎందుకుంటాయి?
పటమోళ్లొచ్చినప్పుడు వరద.
మేమంతా గట్టు మీద టార్పాలిన్ల కింద ఉన్నాం.
తగ్గాక ఎల్లాం.
పొయ్యున్న చోట నీళ్లు.
ఇరవై అడుగులు ఇటు జరిగి ఏసుకున్నాం."

వేళ్లు మడిచి లెక్క చెప్పింది:
పదిహేడు పాకలు, ఒక బోరింగు,
మేకల దొడ్డి, "అది కూడా పెట్టు, అప్పుంది దాని మీద."
కప్పులకి ఏం వాడాలా అని నేను వెతుకుతుంటే
చీపురులోంచి తనే నాలుగు పుల్లలు లాగిచ్చింది.

మాల్‌కి జిగురు పెట్టాను.
ఫ్లైఓవర్‌కి, నాలుగో వంతెనకి,
ఇంకా కట్టడం పూర్తికాని అపార్టుమెంట్లకి కూడా పెట్టాను.
ఈ పదిహేడింటికీ పెట్టలేదు.

సాయంత్రం మూత దించుతుంటే
బల్ల కాస్త అదిరింది.
ఒక పాక
రవ్వంత నీళ్లవైపు జరిగింది.

జుబేదా గారు నా వంక చూశారు.
మూత ఎత్తి సరిచెయ్యనా అన్నాను.

"ఒద్దులే, అది మా మరిదిది"
అంది నూకరత్నం, అద్దం తుడుస్తూ.
"ఆడెప్పుడూ అంతే,
ఒడ్డుకి ఆనించి ఏత్తాడు."