బతికున్నట్టు రుజువు

నవంబర్ వస్తే
తిరుమలగిరి ఆఫీసులో నా బల్ల ముందు
ముసలి వేళ్ళు బారులు తీరేవి.
ఎర్రగా వెలిగే అద్దం మీద బొటనవేలు ఆనించి
మనిషి ఇంకా ఉన్నాడని యంత్రాన్ని ఒప్పించాలి.

నేను ఉద్యోగంలో చేరిన ఏడు
బర్మా యుద్ధం పద్దులో నలభై ఆరు పేర్లు.
ఒక్కొక్కటే కొట్టేసింది నేనే.
కొట్టేసిన ప్రతిసారీ స్కేలు పెట్టి గీశాను,
అంతకు మించిన మర్యాద
నా చేతిలో లేదు.

నిరుటికి ఇద్దరు మిగిలారు.
ఈసారి యాకుత్‌పురా సయ్యద్ ముక్తదిర్ గారి బదులు
మనవడొచ్చాడు, మరణ పత్రం ఇచ్చాడు,
స్కూటర్ తాళాలు నా బల్ల మీద మర్చిపోయి
మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి వచ్చాడు.

ఇక ఓదెలు తాత.
బొల్లారం నుంచి షేర్ ఆటోలో, డ్రైవర్ పక్కన అంచు మీద,
తొంభై తొమ్మిదేళ్ళ వయసు.
వేలు పెట్టించాను. తుడిచి పెట్టించాను.
కొబ్బరినూనె రాసి, ఎడమ చేయి, చూపుడు వేలు, చిటికెన వేలు...
"సరిపోలలేదు" అంది తెర
తొమ్మిది సార్లు.

"గీతలెక్కడివి బిడ్డా,
తాళ్ళు గుంజి గుంజి ఆడనే అరిగినయి."

తాత తుపాకీ పేల్చలేదు.
కంచరగాడిదల్ని నడిపాడు, కొండల మీద, వానలో,
వాటి వీపున బియ్యం, మందుగుండు,
ఒక్కోసారి మనిషి.

"అడివిల అరిస్తె జపానోళ్ళకు ఎరుకైతదని
డాక్టర్ దొర వాటి గొంతుల నరం కోసిండు.
నోరు తెరుస్తవి, దవడ ఆడుతది, సప్పుడుండది.
నాది పదిహేడో నెంబరు.
ఏరు దాటంగ కొట్టుకపోయింది.
నోరు తెరిచి నా దిక్కే చూసింది.
ఏమన్నదో
ఇనపడలే."

ఆదివారం సికింద్రాబాద్‌లో సన్మానం.
ఫంక్షన్ హాలు, బంతిపూలు, వెనకాల ఎవరిదో పెళ్ళి తాలూకు
విప్పని లైట్లు.
జ్ఞాపికలో ఓదెలు 'ఒడేలు' అయ్యాడు.
"సమరసింహం" అన్నాడు వ్యాఖ్యాత,
శాలువా కప్పారు, ఫొటో సరిగా రాలేదని
తీసి మళ్ళీ కప్పారు.

రెండు మాటలు చెప్పమన్నారు.
తాత మైకు పట్టుకున్నాడు.
నోరు తెరిచాడు.
దవడ ఆడింది.
మైకు కుర్రాడు పరిగెత్తుకొచ్చి
వేలితో టకటక కొట్టాడు, వైరు ఊడదీసి పెట్టాడు.
స్పీకర్లు ఒకసారి కీచుమన్నాయి.
జనం పాపం అనుకొని చప్పట్లు కొట్టారు.
నేను ఆఖరి వరుసలో
రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

సోమవారం తాత మళ్ళీ వచ్చాడు.
యంత్రాన్ని పక్కకు జరిపి
పాత కాగితం ఫారం వెతికి తీశాను.
'పై వ్యక్తిని ఈ దినమున స్వయముగా చూచి
జీవించియున్నట్లు ధ్రువీకరించడమైనది.'
ఇరవై రెండేళ్ళలో మొదటిసారి
ఆ వాక్యం సాంతం చదివి సంతకం పెట్టాను.

"శాలువా ఏది తాతా, చలికి కప్పుకోలేదా?"

"పక్క గల్లీల బరాత్ గుర్రముంటది.
మంచుల వణుకుతుంటె దానికి కప్పిన."
ఫారం మడిచి అంగీ జేబులో పెట్టుకుంటూ
పళ్ళు లేని నోటితో నవ్వాడు.

"రాత్రంత సకిలించుడే బిడ్డా,
గల్లీ గల్లీ నిద్రలేక తిట్టుకున్నరు."