నాలుగు వేళ్ల మడత

మైకు నాది, వైర్లు నావి.
సంఘం పెద్దలు పిలిస్తే
బండికి బాక్సులు కట్టుకొని పోయిన,
మర్రిగూడ దాటినంక ఎడమకు, బత్తాయి తోటలెంట,
రేకుల చర్చికి.

మూడు కుర్చీలు, ముగ్గురు అయ్యగార్లు.
గోడకు వేలాడేసిన గుడ్డ మీద రంగుల గీత:
సంఘకాలం, ఏడేండ్ల శ్రమలు, వెయ్యేండ్లు,
ఆ కొసకు, రంగు సరిపోక
తెల్లగ మిగిలిన నిత్యత్వం.

దేవరకొండ ఓబద్యా అయ్యగారు ముందు లేచిండు.
"పెండ్లికొడుకు తన పిల్లను కొట్టిచ్చి తీస్కపోతడా?
శ్రమలకు ముందే ఎత్తుకపోతడు."
ముందు వరసంతా ఆమేన్ అన్నది.
హాలియా నెహెమ్యా బ్రదరు
కర్రతోని గీత నట్టనడుమ కొట్టిండు,
"మూడున్నరేండ్లకు. ఇగో, ఈడ."
గుడ్డ చాలాసేపు ఊగింది.
సంజీవులు తాత కుర్చీల నుంచి లేవనే లేదు.
"బంతి తోలకముందే తూర్పార పడతరా?
అన్నీ పడ్డంకనే. చివరికే."

ఎవరి గొంతు లేస్తే వాళ్ల సౌండు తగ్గించిన.
రాకడ సంగతిల
నా చేతిలున్నది ఆ ఒక్క మర.

తబితమ్మ ఆంప్లిఫయరు పక్కన కూసున్నది.
కూసున్నా నిలబడ్డా ఆమెది ఒక్కటే ఎత్తు.
మెడ లేవదు.
కాళ్లు చూసి మనుషులను గుర్తుపడుతది:
ఓబద్యా అయ్యగారి నల్ల సాక్సులు,
నెహెమ్యా బ్రదరు ఊపే బొటనవేలు,
తాత పగిలిన మడిమెలు.
బోరు నీళ్లు తాగిన ఒళ్లు.
ఇరవైకి పండ్లు గారబట్టినయి, ముప్పైకి మోకాళ్లు,
నలభై రాకముందే వీపు.
"మిషను ముందల కూసుంటే
అందరు నా లెక్కనే వంగాలె గద" అని
జాకిట్లు కుట్టుకుంట నవ్వుతది.

ప్రశ్నలుంటే చీటీ రాయమన్నరు.
ఆమె చెయ్యి ఊపింది.
మైకు స్టాండు మోకాలు దాకా దించిన.

"అయ్యా, ఆ దినానికని తెల్లజాకిటి కుడుతున్న.
కొలత ఏది పట్టుకోవాలె?
ఇప్పటి వీపుకా, అప్పటి వీపుకా?
ముందే వస్తడంటే గుడ్డ ఈ రాత్రే కత్తిరియ్యాలె.
నడుమన అంటే,
మూడున్నరేండ్లల్ల ఇంకెంత వంగుతనో.
అన్నీ అయినంక అంటే..."

ఆగింది. ఫ్యాను కిర్రుమంటున్నది.

"మనూరికి కృష్ణ నీళ్లు గూడ అన్నీ అయినంకనే వచ్చినయి.
మంచిగున్నయి, తియ్యగున్నయి.
బొక్కలకే తెల్వదు."

నెహెమ్యా బ్రదరు పేజీలు తిప్పిండు, మళ్ల తిప్పిండు.
ఓబద్యా అయ్యగారు మెత్తగ అన్నడు:
"ఆడ వస్త్రం ఆయనే ఇస్తడమ్మా, కొలతలుండవు."
"ఇస్తడయ్యా. ఇయ్యడని కాదు.
వట్టి చేతులతోని పోతే
టైలరు పేరు పోదా?"
వెనక ఆడోళ్లు నవ్విండ్రు.
ఎవరో నవ్వుకుంట ముక్కు చీదిండ్రు.

"నాకూ తెల్వదు బిడ్డా," అన్నడు సంజీవులు తాత,
మైకు లేకుండనే.
ఆఖరి వరస దాకా వినపడ్డది.

పదకొండు దాటినంక బాక్సులు కట్టుకొని వస్తుంటే
ఆమె ఇంట్ల బల్బు, మిషను చప్పుడు.
ఆగిన.
వెనక భాగం పొడుగ్గ, ముందు భాగం పొట్టిగ,
ఉన్న ఒంటికి ఉన్నట్టే కత్తిరిచ్చింది.
ముందర మాత్రం లోపలికి
నాలుగు వేళ్ల గుడ్డ మడిచి కచ్చాకుట్టు వేసింది.

"నిలబడ్డంక ఒక్క దారం గుంజితే
కిందికి జారుతది, సూడు."

"ఎప్పుడు గుంజుతవు?" అన్న.

గారపండ్లతోని దారం తెంపింది.
సూది కొంగుకు గుచ్చుకున్నది.
నా కాళ్ల దిక్కు చూసి,
"బండి మెల్లగ తోలు కొడుకా,
చెరువు కట్ట కాడ గుంతలున్నయి" అన్నది.