ఉలవపిండి

గుంతకల్లు లాడ్జీలో ఏడో నంబరు గది,
బేస్తవారం మాత్రమే తెరుస్తారంట.
మా ఆయన ఓబులేసు
ఎర్రగుంట్ల సిమెంటు లారీ సందులో నిలబెట్టి
తువ్వాల మొగానికి చుట్టుకొని
ఆ మెట్లెక్కినాడని
డబ్బా ఇంటికి వచ్చినాక గానీ నాకు తెలీలేదు.

రెండువేల నాలుగునూర్లు.
మూత మీద ఎగిరే గుర్రం,
పక్కన పేరు లేని గడ్డం తాత,
నల్లమల మూలికలు నూటెనిమిది.
"ఒళ్ళు నొప్పులకు" అన్నాడు.
అవునవునంటి నేనూ.
పద్దెనిమిదేండ్ల కాపురంలో
ఒకరి అబద్ధానికి ఇంకొకరు దుప్పటి కప్పడం
మాకు కొత్తేం కాదు.

ఆర్నెల్లుగా మిద్దె మీద
రెండు చాపల మధ్య ఒక చెంబు నీళ్ళు.
దప్పికని కాదు,
ఆయప్ప అటు తిరిగి పడుకోవడానికి
ఒక సాకు ఉండాలని
నేనే పెట్టేదాన్ని.

పథ్యం మాత్రం శానా పెద్దది:
చింతపులుసు లేదు, క్వార్టరు లేదు,
తొమ్మిదికల్లా ఇల్లు చేరాల,
పొద్దు మునిగినాక అప్పుల మాట ఎత్తకూడదు,
మేకపాలలో చెంచాడు.
ఎనిమిదోనాడు పిల్లి తోసింది.
నల్లమలంతా జాలాట్లో కలిసిపాయ.

ఆయప్ప మొగం తలుచుకొని
బాండ్లి పొయ్యి మీద పెట్టినా.
ఉలవలు ఎర్రగా వేంచి,
రోంత శొంఠి, రోంత పసుపు,
చేదు లేకుంటే నమ్మడని నాలుగు మెంతులు.
విసిరి, జల్లించి, డబ్బా నింపి
గుర్రాన్ని కొంగుతో తుడిచి గూట్లో పెట్టినా.

ఇరవైరెండోనాడు
చెంబు తన్నేసినాడు.
నీళ్ళు మిద్దె వాలుకు పారి
దోనెలోంచి కిందికి కారుతుంటే
ఇద్దరికీ లేవబుద్ధి కాలేదు.
"చూసినావా మందు!" అన్నాడు చీకట్లో,
బడిలో పలక చూపించే పిల్లోని మాదిరి.
నోట్లో కొంగు కుక్కుకున్నా.
నవ్వో ఏడుపో ఇప్పటికీ తేలలేదు.

తొమ్మిదికి ఇల్లు చేరడమా?
అప్పులు నిద్రపోయిన రాత్రులా?
లేకుంటే ఆ మూత మీది గుర్రానికి
మొదట్నించీ కావలసింది ఉలవలేనా?

అన్ని రాత్రులూ అట్ల లేవు.
కొన్నిసార్లు ఉలవ ఉలవగానే ఉంటుంది.
"పథ్యం తప్పింటా" అంటాడు.
"పొద్దున పులుసు పోసింది నేనే" అని
నా మీద వేసుకుంటా.
పాదాలు తిమ్మిరంటాడు. నాలుగుసార్లు లేస్తాడు.
సాకుకు పెట్టిన చెంబు
ఇప్పుడు ఒక్కడే ఖాళీ చేస్తాడు.
ఆశా వర్కరు సుబ్బరత్న రాసిచ్చిన షుగరు చీటీ
క్యాలెండరు వెనక మడిచినట్టే ఉంది.
ఆ మడత విప్పితే
డబ్బా మూత కూడా విప్పాల.

నిన్న సందకాడ
"పీరయ్యకు రోంత పొట్లం కట్టివ్వు,
ఒళ్ళు నొప్పులంట" అన్నాడు.
గడప అవతల క్లీనరు పీరయ్య,
తువ్వాల మొగానికి చుట్టుకొని.

చెంచా పట్టుకొని నిలబడినా.
ఉలవలైతే ఎన్నైనా ఇస్తా.
వాళ్ళ మిద్దె మీద చెంబు ఎవరు పెడతారో,
దప్పికకో, సాకుకో,
నాకేం తెలుసు.