పెన్సిల్‌తో నింపిన గడి

మార్చి నెల. మిసిసిపీలో వాన వెలిసి గంటైంది.
గడ్డిలో నీళ్లు, మా బూట్లలో నీళ్లు.
పదకొండు జట్ల తరఫున పదకొండు మందిమి.
టోపీల మీద ఎవరి గుర్తు వాళ్లది,
గొంతులో మాత్రం అందరిదీ అదే పెట్రోలు బంకు కాఫీ.

ముందు తూకం.
కుర్రాళ్లు చెడ్డీలతో ఒక్కొక్కరే వచ్చి కాటా ఎక్కుతారు.
ఎత్తు, బరువు, చేతి పొడవు,
బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా జాన.
ఒకడు గట్టిగా చదువుతాడు, మిగతావాళ్లం రాసుకుంటాం.
ఆ పది నిమిషాలూ నేను ఎవరి ముఖమూ చూడను.
మా నాన్న కాన్సస్‌లో పశువుల వేలం పాడేవాడు.
ఇరవై ఆరేళ్ల ఈ కొలువులో
ఆ ముక్క ఎవరికీ చెప్పలేదు.

జార్వెల్ పికూ, కార్నర్‌బ్యాక్.
గాల్లో వచ్చే బంతికి అడ్డం పడేవాడు.
జాన తొమ్మిదింబావు అంగుళాలు.
నలభై గజాల పరుగు.
నలభై గజాలంటే ఎంత,
మా గుమ్మం నుంచి తపాలా పెట్టె దాకా!
నా వాచీలో నాలుగు పాయింట్ నాలుగు మూడు.
పక్కన డెల్బర్ట్ ఊస్లీ వాచీలో నాలుగు పాయింట్ మూడు తొమ్మిది.
ఇద్దరు ముసలాళ్ల బొటనవేళ్ల మధ్య తేడా
ఆ పిల్లాడికి ఓ ఇల్లు.

అందరూ ఈల వేశారు, పెన్నులు కదిలాయి.
పరుగు ఎవడైనా చూస్తాడు.
పరుగు అయిపోయాక చూడ్డానికే నాకు జీతం.
కుడి బూటు లేసు వదులైతే
వంగి ముడేసుకున్నాడు.
ఎడమదానికి వంగలేదు.
కాలెత్తి బెంచీ మీద పెట్టుకున్నాడు,
ఎటో చూస్తూ, ఏమీ కానట్టు.

తువాళ్లు ఉతికే ఓథా బీస్లీ దగ్గరికెళ్లాను.
కోచ్‌లు పొగుడుతారు, బంధువులు దీవిస్తారు,
నిజం ఎప్పుడూ చాకిరేవు దగ్గరే ఉంటుంది.
"ఐస్ సంచులా? కావలసినవాళ్లు పట్టుకెళ్తారు.
నేను లెక్కపెట్టను" అన్నాడు,
మడతపెట్టిన తువాళ్లని
మూడోసారి లెక్కపెడుతూ.

మధ్యాహ్నం కుర్రాడితో మాట.
"నొప్పులేమైనా?"
"లేవు సార్."
నాలుగు పాయింట్ నాలుగు మూడు కన్నా
త్వరగా వచ్చింది జవాబు.
బంతి ఎటు వస్తుందో ముందే ఎలా పసిగడతావన్నాను.
మొదటిసారి నవ్వాడు.
"మా మేనత్త పేకాట దగ్గర నేర్చుకున్నా.
కళ్లు చూడకూడదు సార్, కళ్లు అబద్ధమాడతాయి.
భుజం చూడాలి."
నా చూపు అతని తుంటి మీదుంది.
అతనికీ తెలుసనుకుంటా.

రాత్రి. హోటల్లో ఫారం.
వేగం, చేతులు, బుర్ర, నడవడి:
నాలుగు గడులూ పెన్నుతో, తడుముకోకుండా.
ఐదోది ఆరోగ్యం.

తొమ్మిదేళ్ల కింద ఇలాంటి గడిలోనే రాశాను,
ట్రూయిట్ హాలిబర్టన్ అనే కుర్రాడి గురించి.
రెండో రౌండు వాడు ఆరో రౌండుకి జారాడు.
ఇప్పుడు ఆమరిల్లోలో టైర్లు అమ్ముతున్నాడు.
ఆ మోకాలు ఈ రోజుకీ నొప్పెట్టలేదట.
ఆ ముందేడు ఇంకొకడికి రాయలేదు.
మొదటి వారం సాధనలోనే కూలబడ్డాడు,
ఆ చప్పుడు నేను టీవీలో విన్నాను,
టీవీలో చప్పుడు రాదని మా ఆవిడంటుంది.

సంచిలో వెతికితే పెన్సిల్ దొరికింది.
"ఎడమ తుంటి. చూడాలి."
రెండు మాటలు, చిన్న అక్షరాలు.
వెనకవైపు రబ్బరు ఎప్పుడో కొరికేసినట్టున్నాను,
రేకు మాత్రం మిగిలింది.

తెల్లారి ఐదుకి బయల్దేరాను.
నాలుగు గంటల దారి, అవతల ఎవరో కిక్కరట,
గాలికి ఎదురుగా కూడా యాభై గజాలు తంతాడట.
ఫారం పక్క సీట్లో బోర్లా పెట్టాను.
మలుపు వచ్చినప్పుడల్లా
దాని మీద చెయ్యి వేస్తున్నాను,
పడిపోకుండానో,
ఎందుకో.