సున్నా తేదీ

లియెపాయాలో రాత్రి పదకొండున్నర.
బయట మైనస్ పద్నాలుగు.
ఊరంతటికీ వేడినీళ్లు మోసే గొట్టాల మీద
మూడువందల పన్నెండు సెన్సర్లు.
వాటిని రెప్పవేయకుండా చూసే కంటిని
ఇవాళ నా చేత్తో నేనే మూయాలి.

సర్వీస్ ఆపాను.
తెరమీద ఆకుపచ్చ గీత
మాట మధ్యలో ఎవరో లేచిపోయినట్టు ఆగింది.

"ఎంతసేపు, విజ్మా?" ఫోన్లో గుందార్స్.
"నాలుగు గంటలు."
"అయితే నేను బాయిలర్ హౌస్‌లో కూర్చుంటా."
రిటైరై ఆరేళ్లు. ఎవరూ రమ్మనలేదు.

పాత డేటాబేస్ మెతకది.
ఏమిచ్చినా పుచ్చుకునేది,
జూన్ ముప్పై ఒకటినీ,
ఏమీ లేనిచోట సున్నానీ.
పదకొండేళ్లు కిమ్మనకుండా మోసింది.
కొత్తది గుమ్మంలోనే నిలబెట్టి
వరస వరసనీ ఊరూ పేరూ అడుగుతుంది.

నలభై లక్షల వరసలు దాటాక
ఒకదాని దగ్గర భీష్మించుకు కూర్చుంది.
తేదీ: సున్నా, సున్నా, సున్నా.
కరోస్తా పంప్ హౌస్, ఏడో సెన్సర్.
పక్కన ఎవరో రాసిన ముక్క:
"వెళ్లి చూశాను. ఏమీ కాలేదు. సెన్సర్ మీద పిల్లి పడుకుంది."
అలాంటి రోజే లేదంటుంది కొత్తది.
లేదు, సరే.
మరి పిల్లి?

రాసింది ఎవరా అని చూస్తే
స్కైద్రీతె. ఆమె పేరులో దీర్ఘం ఊడిపోయి
ఆ చోట ఓ ప్రశ్నార్థకం నిలబడివుంది.
పోయిన మనిషి పేరు మధ్యలో
ప్రశ్న గుర్తు ఎలా వదిలేస్తాను?
ఎన్‌కోడింగ్ మార్చి
మొదటి వరస నుంచి మళ్లీ.

మూడూ నలభైకి గీత కదిలింది.
వెనకాల తెల్లటి సందు,
పన్ను ఊడిన చోటులా.

తెల్లారాక గుందార్స్ వచ్చాడు
కోటు జేబులో గళ్ల నోటుపుస్తకంతో.
పది నిమిషాలకొకసారి, పెన్సిలుతో:
ఎనభై నాలుగు. ఎనభై నాలుగు. ఎనభై మూడు.
రెండింటి పక్కన, "టీ తాగాను."
మొత్తం ఇరవై అయిదు అంకెలు.
"ఎక్కించు" అన్నాడు.
ఎక్కించాను. మూలం అన్న గడిలో ‘చేయి’ అని రాశాను.
కొత్తది మారుమాట్లాడలేదు.
టీ మాత్రం ఏ గడిలోనూ పట్టలేదు.

"ఆ పిల్లి ఏ సంవత్సరం?" అడిగాను.
చేతులు రుద్దుకుంటూ ఆలోచించాడు.
"చలికాలం. అది చలికాలంలోనే వచ్చేది."

తేదీ గడిని ఖాళీగా వదిలాను.
సున్నా కాదు, ఖాళీ.
ఈసారి లోపలికి రానిచ్చింది.