లైన్ క్లియర్

రా బిడ్డా, గేటు కాడనే నిలవడ్డవేంది?
కాయితం సారు టేబుల్ మీద పెట్టు.
చెప్పులు ఇడువకు,
ఇది గుడి గాదు, కొండమల్లేపల్లి సబ్‌స్టేషన్.

పూలదండ తెద్దామన్నడు గ్యార యాదయ్య.
పూలెందుకురా, కొత్త రబ్బరు గ్లౌజులు ఇప్పియ్యమన్న.
అవింకా రాలే.
అందాక నావి తొడుక్కో. ముందుగాల ఊది చూడు,
యాడన్న గాలి పోతున్నదంటే
నా మొఖాన్నే కొట్టు.

ఆ కొక్కేనికి నీ సంచి తగిలెయ్.
మీద బుచ్చిరాములు అని రాసుంటది, చెరపకు.
పక్కన నీ పేరు రాసుకో, జాగ మస్తున్నది.
ఆయన సంగతి ఇయ్యాల అడుగకు,
గాలిదుమారం లేసిన నాడెప్పుడో చెప్త.

అర్ధరాత్రి రెండింటికి ఫోన్లొస్తయి.
బత్తాయి తోటలోళ్లే గాని మాట నిమ్మకాయ.
తిట్టనీ,
బోరు ఆగి చెట్టు వాడుతుంటే ఎవని నోరు తీపుంటది?

ఆడిపిల్ల స్తంభమెక్కుతదా అని
మూలమలుపు హోటల్ల ఒకడు నవ్విండు.
పరీక్షల నువ్వు నిమిషంల ఎక్కినవట గదా శిరీషా,
నాకిప్పుడు మూడు పడుతున్నయి.
మోకాళ్లు ఆని పక్కనే ఉన్నయి, నవ్వుతుంటే.

ఎల్లుండి తండా ఫీడర్ మీద పని.
స్విచ్ కాడ నువ్వు, తీగ మీద నేను.
లైన్ క్లియర్ అని నువ్వంటవు.
మల్లొక్కపారి అడుగుత, ఏమనుకోకు.
నమ్మక గాదు.
బుచ్చిరాములు ఒక్కసారే అడిగిండు.

చూసినవా, చెప్పొద్దనుకున్న, చెప్పిన.
దా, చాయ్ సల్లారుతున్నది.